పరదేశమున పల్లెసభ
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామ పరిపాలనమును గూర్చి మాటలాడవలసిన ఈ తరగతిలో కొరియా దేశస్థుల కథ యెందులకని మీకు తోచవచ్చును. కారణము చెప్పెదను. సుమారు 120 సంవత్సరములకు పూర్వము కొరియా నుండి బీదజనము ఓడలెక్కి, భాష తెలియని దేశమునకు చెరకుతోటల కూలికి పోయిరి. అచ్చట వారు తమకై మొట్టమొదట కట్టుకొనిన వ్యవస్థలలో ముఖ్యమైనది దుకాణము కాదు, బ్యాంకు కాదు, పల్లెసభ. మన మాటలో చెప్పవలెనన్న పంచాయతీ. ఆ పల్లెసభ వారిని ఎంతవరకు నిలబెట్టినదో, ఏ చోట చాలకపోయినదో తెలిసికొనుట గ్రామమును నడుపు మీకు ఉపయోగపడునని నా నమ్మకము.

వలస మనకు క్రొత్త విషయము కాదు. మన తెలుగువారు బర్మాలోని బియ్యపు మిల్లులకు, మలయాలోని రబ్బరు తోటలకు, మారిషస్, ఫిజీ ద్వీపములలోని చెరకుతోటలకు పోయిరి. ఈనాడు కరీంనగరము, నిజామాబాదు, కోనసీమ ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోవుచున్నారు. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట లేదని మన ప్రాంతమున వాడుక. పోవువారు ఎట్లున్నారో, వచ్చువారును అట్లే యున్నారు. మన ఇటుక బట్టీలకు ఒడిషా నుండి, మన బియ్యపు మిల్లులలో బస్తాలు మోయుటకు బీహారు నుండి కుటుంబములు వచ్చుచున్నవి. కావున క్రొత్తచోటికి పోయినవాడు ఎట్లు నిలదొక్కుకొనును అను ప్రశ్న ప్రతి గ్రామపు ప్రశ్నయే.

చెరకుతోటలలో పల్లెసభ

1902 డిసెంబరు నెలలో కొరియాలోని ఇంచియోన్ రేవు నుండి మొదటి జట్టు బయలుదేరినది. జపానులో ‘గేలిక్’ అను ఓడ యెక్కి, 1903 జనవరి 13వ తేదీన 102మంది హవాయి ద్వీపములలోని హోనలూలు రేవున దిగిరి. తరువాత రెండు సంవత్సరములలో 7,000మందికి పైగా వచ్చిరి. వీరిలో సేద్యము తెలిసినవారు కొందరే. పట్టణపు కూలీలు, పని పోయిన సిపాయిలు, చిల్లర ఉద్యోగులు అనేకులు. స్వదేశమున కరవు, రాజకీయపు కల్లోలము. అటు తోటల యజమానుల ప్రకటనలలో ఆశ. జపాను కూలీలు సమ్మెలు చేయుచుండుట చేత, వారికి పోటీగా మరియొక దేశపు కూలీలను తెచ్చుట యజమానుల ఉద్దేశము.

దినమునకు పది గంటల పని, వారమునకు ఆరు దినములు. నెలకు సుమారు 16 డాలర్ల జీతము. కూలీకి పేరు లేదు. మెడలో వ్రేలాడు బిళ్ళపై అంకె యుండును. మేస్త్రీ గుఱ్ఱముపై తిరుగుచు ఆ అంకెతోనే పిలుచును. మలయా తోటలలో కంగాణీ క్రింద, బర్మాలో మేస్త్రీ క్రింద పనిచేసిన మన పెద్దల కథలు వినినవారికి ఇది తెలియని సంగతి కాదు.

ఇట్టి స్థితిలో వారు చేసినదేమి? పది కొరియా కుటుంబములున్న ప్రతి తోటలోను ‘దోంగ్‌హ్వే’ అను సభను ఏర్పరచుకొనిరి. దోంగ్‌హ్వే యనగా వారి భాషలో పల్లెసభ. సంవత్సరమునకొకసారి ‘దోంగ్‌జాంగ్’ అను గ్రామపెద్దను ఎన్నుకొనెడివారు. అతనికి తోడుగా క్రమమును కాపాడుటకు కొందరిని నియమించెడివారు. జూదమాడరాదు, త్రాగి అల్లరి చేయరాదు, స్త్రీలను అవమానింపరాదు అను నిబంధనలు వ్రాసికొనిరి. తప్పు చేసినవానికి జరిమానా వేసిరి. తగవులు తమలోనే తీర్చుకొనిరి.

ఈ సభలకు యజమాని యిచ్చిన అధికారము లేదు. ప్రభుత్వ శాసనము లేదు. అయినను సాగినవి. తోటలో అంకెగా మారిన మనుష్యునికి ఆ సభలో మరల పేరు దొరకినది. ‘నీవేమందువు?’ అని అతనిని అడుగువారు అచ్చట ఉండిరి. పరదేశమున నిలదొక్కుకొనుటకు అన్నము, పని యెంత అవసరమో, ఈ ప్రశ్న అడిగెడి చోటు ఒకటి ఉండుటయు అంతే అవసరమని వారి చరిత్ర చెప్పుచున్నది.

ఆ తోటలలో పెక్కుమంది ఒంటరి పురుషులు. తరువాతి సంవత్సరములలో ఛాయాచిత్రములు పంపుకొని వివాహములు నిశ్చయించుకొను పద్ధతి వచ్చినది. 1910 మొదలు 1924 వరకు వందలమంది వధువులు ఫోటో చూచి, సముద్రము దాటి వచ్చిరి. యువకుని పటము చూచి వచ్చి, రేవులో నడివయస్కుని చూచి దుఃఖించినవారును కలరు. అయినను ఆ స్త్రీలే ఇండ్లు నిలిపిరి. బట్టలు ఉతికి, ఒంటరివాండ్రకు వండిపెట్టి, సొమ్ము కూడబెట్టి, పిల్లలను బడికి పంపిరి. 1919లో హవాయిలోని కొరియా స్త్రీలు ఒక సహాయ సంఘమును స్థాపించి, స్వదేశపు స్వాతంత్ర్యోద్యమమునకు తమ కష్టార్జితము నుండి చందాలు పంపిరి.

చీపురు పట్టిన విద్యార్థి

హవాయికి ఆవల, అమెరికా ప్రధాన భూమిపై శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన సంగతి యొకటి మీరు వినదగినది. 1902లో ఆన్ చాంగ్‌హో అను యువకుడు చదువుకొనుటకు భార్యతో గూడ అచ్చటికి వచ్చెను. అప్పటికి అతనికి పాతికేండ్లు నిండలేదు. ఒకనాడు వీధిలో ఇద్దరు కొరియా వర్తకులు జుట్లు పట్టుకొని కొట్టుకొనుచుండగా చూచెను. జిన్‌సెంగ్ అను ఔషధపు వేళ్ళను ఎవరు ఏ వీధిలో అమ్మవలెనన్నది తగవు. చుట్టు చేరిన తెల్లవారు వినోదముగా చూచుచుండిరి.

ఆన్ చాంగ్‌హో సిగ్గుతో కుమిలిపోయి, చదువు మాని తనవారిని సంస్కరింప నిశ్చయించుకొనెను. అతడు ఉపన్యాసములతో ప్రారంభింపలేదు. చీపురు పట్టుకొని తనవారి యిండ్లకు పోయి, వాకిళ్ళు ఊడ్చి, కిటికీలు తుడిచి, పెరడులలో పూలమొక్కలు నాటెనని చెప్పుదురు. మొదట అందరు అనుమానించిరి. తరువాత తామే ఊడ్చుకొనసాగిరి. ఇండ్ల యజమానులలో ఒకడు ఈ మార్పును చూచి సంతసించి అద్దె తగ్గించెనని, సమావేశములకు చోటు కూడ ఇచ్చెనని ఆ వృత్తాంతము.

1903లో అతడు ఒక స్నేహసంఘమును ఏర్పరచెను. పిమ్మట దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పట్టణమునకు పోయి, నారింజతోటలలో కాయలు కోయుచు, అచ్చట కొరియా కుటుంబముల పేట నొకదానిని నిలిపెను. పచాపా వీధి చెంత వెలసిన ఆ పేటలో పగలు తోటపని, రాత్రి చదువు. ఒక్క నారింజకాయను జాగ్రత్తగా కోయుట కూడ దేశసేవయే యని అతడు తనవారికి బోధించెడివాడు. తొడిమ నలిగినచో కాయ క్రుళ్ళును. కాయ క్రుళ్ళినచో కోసినవాని దేశమునకు చెడ్డపేరు వచ్చును. ఇది అతని బోధలోని సారము.

ఆన్ చాంగ్‌హో కొరియా స్వాతంత్ర్యమునకై పాటుపడి, జపాను ప్రభుత్వముచే చెరలో పెట్టబడి, 1938లో మరణించెను. అతడు కాయలు కోసిన రివర్‌సైడ్ పట్టణము 2001లో నడిబొడ్డున అతని విగ్రహమును నిలుపుకొనినది. కూలిగా వచ్చినవాడు తమ ఊరివాడేయని ఆ ఊరు చాటుకొనినది.

దిక్కు లేనివారికి సంఘమే దిక్కు

1905లో కొరియా జపాను రక్షణ క్రిందికి పోయినది. 1910లో పూర్తిగా జపాను వశమైనది. అప్పుడు పరదేశములోని కొరియావారికి చెప్పుకొనుటకు దేశమే లేకపోయెను. 1909లో వారి సంఘములు ఏకమై కొరియా జాతీయ సంఘముగా ఏర్పడినవి.

1913 జూన్‌లో కాలిఫోర్నియాలోని హెమెట్ అను ఊరికి ఆప్రికాట్ పండ్లు కోయుటకు కొరియా కూలీలు కొందరు రైలు దిగిరి. స్థానికులు గుంపుగా వచ్చి వారిని బెదరించి, వచ్చిన రైలుబాటనే వెనుకకు తరిమివేసిరి. వారిని జపానువారనుకొనిరి. జపాను రాయబార కార్యాలయము, ‘వీరు మా ప్రజలు, నష్టపరిహారము మేము అడిగెదము’ అని ముందుకు వచ్చినది. కొరియా సంఘము ఆ సాయమును వద్దన్నది. తాము జపాను ప్రజలము కామని, తమ సంగతులు తమ సంఘముతోనే మాటలాడవలెనని అమెరికా విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్‌కు విజ్ఞప్తి పంపినది. అతడు దానిని అంగీకరించెను. నాటి నుండి కొరియా కూలీల విషయమున ఆ సంఘపు మాటకు విలువ వచ్చినది.

ఒక్కొక్క కూలీ వేరువేరుగా మొరపెట్టుకొనినచో వినువాడెవడు? సంఘమునకు పుస్తకమున్నది, సభ్యుల పట్టీ యున్నది, ఎన్నికైన అధ్యక్షుడున్నాడు. కావుననే ప్రభుత్వము బదులు చెప్పినది.

చీటీలు, దుకాణములు

1924లో అమెరికా ఆసియా ఖండపు వలసలకు తలుపు దాదాపు మూసివేసినది. 1965 నాటి క్రొత్త చట్టముతో ఆ తలుపు మరల తెరచుకొనినది. 1970లో ఆ దేశమున కొరియా సంతతివారు సుమారు 70,000మంది. 1990 నాటికి సుమారు 8 లక్షలు. ఈసారి వచ్చినవారిలో చదువుకొనినవారు మెండు. కాని స్వదేశపు పట్టములకు అచ్చట విలువ లేదాయెను. ఇంగ్లీషు నాలుకకు తిరుగదాయెను. ఇంజనీరు కూరగాయల కొట్టు పెట్టెను. ఉపాధ్యాయుడు బట్టల చలువకొట్టు తెరచెను. న్యూయార్కులో వారు తెల్లవారకముందే టోకు మార్కెట్టుకు పోయి పండ్లు, కూరలు తెచ్చి, రాత్రి పొద్దుపోవు వరకు కొట్టులో నిలిచెడివారు. భార్యాభర్తలు ఇద్దరును కొట్టులోనే. బడి విడిచిన తరువాత పిల్లలును అచ్చటనే.

పెట్టుబడి ఎచ్చటిది? బ్యాంకు క్రొత్తవానిని నమ్మదు. కొందరు స్వదేశమున ఉన్నది అమ్ముకొని వచ్చిరి. పెక్కుమంది ‘క్యే’ పెట్టుకొనిరి. పదిమందో ఇరువదిమందో కలిసి నెలకు ఇంత యని వేసి, ప్రోగైన మొత్తమును వంతుల వారీగా ఒక్కొక్కరు తీసికొందురు. దీనికి వేరే వివరణ మీకు అక్కరలేదు. ఇది మన చీటీయే. మన గ్రామములో గేదెను కొనుటకు, పిల్ల పెండ్లికి చీటీ యెట్లు పనికివచ్చునో, లాస్ ఏంజెలెస్ నగరమున కొట్టు తెరచుటకు క్యే అట్లు పనికివచ్చినది.

ఇందలి అపాయమును గూడ చెప్పవలెను. క్యేకు పత్రము లేదు, నమ్మకమే పత్రము. ముందుగా సొమ్మెత్తుకొనినవాడు పరారియైనచో తక్కినవారి గతి యేమి? అట్లు మునిగిన కుటుంబములు కలవు. చీటీల వ్యాపారమునకు మన దేశమున 1982 నాటి చట్టమున్నది. మన స్త్రీల పొదుపు సంఘములు ప్రతి సమావేశమునకు పుస్తకము వ్రాయుచున్నవి. నమ్మకము గొప్పదే, పుస్తకము తోడైన నమ్మకము మరింత గొప్పది.

నోటి భాష, నోటి రుచి

పోయినవారు తమ భాషను, ఆహారమును ఏమి చేసికొనిరి? పూర్తిగా విడువలేదు, ఉన్నదున్నట్లు పట్టుకొనియు కూర్చుండలేదు.

తండ్రి కొరియాలో పెరిగినవాడు, కుమారుడు అమెరికాలో పుట్టినవాడు. ఈ ఇద్దరి నడుమ, చిన్నతనమున అక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన పిల్లలున్నారు. వారిని కొరియావారు ‘ఒకటిన్నర తరము’ అందురు. ఆ పిల్లలే పదేండ్ల వయసున తల్లికి డాక్టరు మాటలు, తండ్రికి పన్నుల నోటీసులు తెలియజెప్పెడివారు. పెద్దవాడు పిల్లవానిపై ఆధారపడవలసి వచ్చుట ఇంటిలో చిన్న సంగతి కాదు. పిల్లలకు భారము, పెద్దలకు చిన్నతనము. దీనికి విరుగుడుగా వారు వారాంతపు బడులు పెట్టిరి. 1446లో సెజోంగ్ రాజు లోకమునకిచ్చిన కొరియా లిపిని, శనివారమునాడు చర్చి గదులలో పిల్లలకు నేర్పసాగిరి. ఆ చర్చియే పెండ్లికి, పరామర్శకు, ఉద్యోగపు కబురుకు కూడలి. క్రొత్తగా దిగినవానికి అద్దె యిల్లు ఎచ్చట దొరకునో అచ్చటనే తెలియును.

ఆహార విషయమున మధ్య ఆసియాలోని కొరియావారి కథ మరింత చిత్రమైనది. వీరు హవాయికి పోయినవారు కారు. 1860 ప్రాంతము నుండి రష్యా తూర్పు సరిహద్దులోనికి పోయి సేద్యము చేసికొనుచుండినవారు. 1937లో స్టాలిన్ ప్రభుత్వము వీరిని సుమారు 1,72,000మందిని రైళ్ళకెక్కించి, వేలమైళ్ళ దూరములోని కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించినది. మొదటి చలికాలమును నేలలో గోతులు త్రవ్వుకొని అందు గడపినవారు కలరు. తరువాత కాలువలు తీసి, వరి పండించిరి. తాష్కెంట్ ప్రాంతములోని ఒక సమష్టి క్షేత్రమునకు అధ్యక్షుడైన కిమ్ పెన్ హ్వాకు ఆ దేశపు అత్యున్నత శ్రామిక బిరుదము రెండు పర్యాయములు లభించినది.

కొరియావారికి కాబేజీతో పెట్టెడి కారపు ఊరగాయ, కిమ్చి, లేనిదే ముద్ద దిగదు. ఆ క్రొత్తచోట వారికి తగిన కాబేజీ దొరకలేదు. క్యారెట్టు దొరకినది. దానినే సన్నగా తరిగి, కారము, వెల్లుల్లి, పుల్లనీరు కలిపి క్రొత్త వంటకము చేసికొనిరి. అది కొరియాలో ఎరుగని వంటకము. ఈనాడు తాష్కెంట్ బజారులోను, రష్యా పట్టణములలోను అన్ని జాతులవారు దానిని కొని తినుచున్నారు. క్రొత్తచోట కుదురుకొనుట యనగా ఇదే: రుచి తనది, కూర ఆ ఊరిది.

1992: పల్లెసభ చాలని దినము

ఇంతవరకు చెప్పినది వినినచో, సంఘము పెట్టుకొని, చీటీ వేసికొని, కష్టపడినచో చాలునని తోచును. చాలదు. ఈ ప్రసంగములో ముఖ్యమైన సంగతి ఇదియే.

లాస్ ఏంజెలెస్ నగరపు దక్షిణ భాగమున పెక్కు కిరాణా కొట్లు, మద్యపు కొట్లు కొరియావారివి. కొనువారు నీగ్రో జాతివారని ఒకప్పుడు వ్యవహరింపబడిన నల్లజాతి అమెరికనులు, లాటిన్ అమెరికా నుండి వచ్చినవారు. దుకాణదారుడు ఆ పేటలో కాపురముండడు. సాయంకాలము గల్లా మూసికొని వెడలిపోవును. కొనువానికి అతని పేరు తెలియదు. అతనికి కొనువాని కష్టము తెలియదు. ఒకరు మర్యాదగా తలచినది మరొకరికి అవమానముగా తోచెడిది. 1991 మార్చిలో ఒక కొరియా దుకాణదారిణి, నారింజరసపు సీసా దొంగిలించుచున్నదని భ్రమించి, 15 ఏండ్ల నల్లజాతి బాలికను తుపాకితో కాల్చి చంపెను. నేరము రుజువైనను న్యాయమూర్తి ఆమెకు చెర విధింపలేదు. ఆ పేటవారి గుండెలలో అది నిప్పుగా మిగిలినది.

ఆ మార్చి నెలలోనే నలుగురు పోలీసులు ఒక నల్లజాతీయుని చావగొట్టుట వీడియోలో ప్రజలందరు చూచిరి. 1992 ఏప్రిల్ 29వ తేదీన న్యాయస్థానమున ఆ పోలీసులకు శిక్ష పడలేదు. నాటి సాయంకాలము నగరము అంటుకొనినది. కొన్ని దినములలో 50మందికి పైగా మరణించిరి. 2,000కు పైగా కొరియావారి కొట్లు దోపిడికిని, అగ్నికిని గురియైనవి. వారి నష్టము సుమారు 40 కోట్ల డాలర్లు. పోలీసులను పిలిచినను రాలేదు. కొరియా భాషలోని రేడియో ద్వారా ఒకరినొకరు పిలుచుకొని, కొందరు యజమానులు తుపాకులతో తమ కొట్ల కప్పులపై కావలి కాచిరి. చాలమందికి తగిన బీమా లేదు. ఇరువదేండ్ల కష్టము ఒక రాత్రిలో బూడిదయైనది. ఆ దినమును వారు ‘స-ఇ-గు’ అందురు. వారి భాషలో నాలుగు, రెండు, తొమ్మిది అని అర్థము. నాలుగవ నెల, ఇరువది తొమ్మిదవ తేదీ.

వారికి సంఘములు లేవా? ఉన్నవి. చర్చిలు, చీటీలు, పత్రికలు, రేడియో అన్నియు ఉన్నవి. కాని అవన్నియు తమవారికి తమ భాషలో పనిచేయునవి. పొరుగువానితో మాటలాడు సభ లేదు. నగరపాలక సభలో తమ మాట చెప్పువాడు లేడు. పోలీసు అధికారి ఏ వీధికి ముందు పోవలెనని ఆలోచించినపుడు, కొరియావారి వీధి పేరెత్తువాడు లేకపోయెను. ఇంటిలోపలి పల్లెసభ గట్టిగా నున్నది. ఊరి రచ్చబండపై మాత్రము వారికి చోటు లేదు.

అప్పుడు వారు మేల్కొనిరి. మే 2వ తేదీన వేలాదిమంది కొరియా పేట వీధులలో శాంతియాత్ర చేసిరి. వారితో పాటు ఇతర జాతులవారును నడచిరి. ఇంగ్లీషు బాగుగా వచ్చిన ఒకటిన్నర తరపు యువకులు, యువతులు పెద్దల తరపున మాటలాడుటకు ముందుకు వచ్చిరి. వోటర్లుగా చేరుట, పొరుగువారితో ఉమ్మడి సంఘములు పెట్టుట ప్రారంభమైనది. ఆ 1992 నవంబరులోనే కాలిఫోర్నియా నుండి జే కిమ్ అను అతడు అమెరికా పార్లమెంటు దిగువసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో కొరియా సంతతివారిలో అతడే మొదటివాడు. లాస్ ఏంజెలెస్ నగరసభలో మొదటి కొరియా సభ్యుడు, డేవిడ్ ర్యూ, 2015లో ఎన్నికయ్యెను. న్యూజెర్సీ నుండి ఆండీ కిమ్ 2024లో ఎగువసభకు ఎన్నికయ్యెను.

ఇంకొక సంగతి మీకు బాగుగా అర్థమగును. కొరియా పేట నగరపు పలు వార్డుల నడుమ ముక్కలుగా చీలియుండెడిది. అందరి వార్డులోను ఉన్నవాడు ఎవ్వరి వార్డులోను లేనట్లే. పేటవారు ఏండ్ల తరబడి విన్నవించుకొనగా, 2021 నాటి పునర్విభజనలో అది ఒక్క వార్డు క్రిందికి వచ్చినది. వార్డు గీత ఎచ్చట గీయబడునో, దానినిబట్టియే కుళాయి, దీపము, రోడ్డు వచ్చునని మీకు నేను చెప్పవలసిన పనిలేదు.

మన గ్రామమునకు దీని సంబంధము

1992వ సంవత్సరమున ఆ నగరములో కొట్లు కాలినవి. ఆ సంవత్సరమే డిసెంబరులో మన పార్లమెంటు 73వ రాజ్యాంగ సవరణమును ఆమోదించినది. దాని వలన గ్రామసభకు రాజ్యాంగములో చోటు, స్త్రీలకు, వెనుకబడినవారికి పంచాయతీలో స్థానము లభించినవి. ఈ రెండింటికి సంబంధము లేదు. కాని మొదటిది చదివినవానికి రెండవదాని విలువ తెలియును. మాట చెప్పుకొను చోటు లేనివాని కోపము ఎచ్చటికి పోవునో, మాట చెప్పువాడు లేనివాని సొత్తు ఏమగునో ఆ నగరము చూపినది.

కొరియావారు ఈనాడు మన గడ్డమీదికి కూడ వచ్చినారు. అనంతపురము జిల్లాలో నుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న పెనుకొండ మండలమున, ఎర్రమంచి గ్రామము వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. దానితో పాటు కొరియా ఇంజనీర్లు, వారి కుటుంబములు వచ్చినవి. వారు హవాయికి పోయిన కూలీల వంటివారు కారు, అధికారులుగా వచ్చినారు. వారి వాకిట మర్యాదగా నిలుచుట మనకు సులభమే. కష్టమైనది ఇటుక బట్టీ గుడిసెలోనివాని వాకిట నిలుచుట. హవాయి తోటలో అంకెతో పిలువబడిన కొరియా కూలీకి సరియైన పోలిక మన ఊరిలో ఆ గుడిసెలోనివాడే.

కావున సభ్యులారా, మీ గ్రామమునకు తిరిగిపోయిన పిమ్మట నాలుగు ప్రశ్నలు మిమ్ములను మీరే వేసికొనుడు.

మొదటిది: మన ఊరికి పనికై వచ్చిన కుటుంబములు ఎన్ని, వారి పేర్లేమి? మేస్త్రీకి తెలిసినచో చాలదు, పంచాయతీకి తెలియవలెను. రెండవది: వారి పిల్లలు ఏ బడిలో ఉన్నారు? భాష తెలియదని బట్టీ వద్దనే మిగిలిపోయిన పిల్లవానికి, మన బడిలో చోటు చూపితిమా? మూడవది: వారికి త్రాగునీరు ఎచ్చట? మన కుళాయి వద్ద వారి బిందెకు వంతు కలదా? నాలుగవది: వారిలో ఒకడు తన కష్టము చెప్పుకొనవలెనన్న, ఎవరి గుమ్మము తట్టవలెనో అతనికి తెలియునా?

మన ఊరి నుండి పోవువారి విషయమునను బాధ్యత కలదు. గల్ఫునకు గాని, పట్టణమునకు గాని పోవువాడు ఒంటరిగా పోరాదు. అచ్చట తనవారి సంఘమేదో, ఊరిలో కబురు అందుకొనువారెవరో తెలిసికొని పోవలెను. పోయినవాడు అచ్చట తనవారితో మాత్రమే కూడియుండక, ఆ చోటివారితోను మాట కలుపవలెను. కొరియావారు బహు కష్టముతో నేర్చిన పాఠమది. మనవారు ఆ మూల్యము చెల్లింపకుండ నేర్చుకొనవచ్చును.

దోంగ్‌హ్వే పెట్టుకొనిన ఆ కూలీలకు శాసనము లేదు, భవనము లేదు, నిధులు లేవు. మీకు ఈ మూడును గలవు. వారి పల్లెసభ తమవారినే కూర్చుండబెట్టుకొనినది. మీ పల్లెసభ నిన్న వచ్చినవానిని గూడ కూర్చుండబెట్టి, ‘నీవేమందువు?’ అని అడిగిననాడు, అది వారి సభ కన్న గొప్పదగును.